సూది పాఠానికి పట్టా ఎవరి పేరున?

(సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్లు ఫోన్ చేసి, "అక్కా, మన కుట్టు పనిని ఇంటర్నెట్‌లో నేర్పిస్తున్నారు కదా, నెల నెలా చందా కట్టి నేర్చుకునే వెబ్‌సైట్ అంట కదా, అది ఎట్ల కట్టిండ్రో మన పిల్లలకు చెప్పండి" అన్నారు. నేను ఉపన్యాసాలు ఇచ్చే మనిషిని కాదు. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని చేస్తాను. ఎవరో రాసిన ప్రోగ్రామ్‌లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. కాబట్టి ఇక్కడ కూడా మేం చేసిన తప్పులే ఎక్కువ చెప్తాను. అవి మీకు పనికొస్తాయి.

మొదలు ఎక్కడంటే

మాది దేవరకొండ వైపు తండా. మా దాది పెండ్లినాటి పేటియా, కాంచళి, టుక్రి మా ఇంట్లో ఇనుప పెట్టెలో ఉండేవి. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు స్టీలు సామాన్లవాడు తండాకు వచ్చాడు. పాత బట్టలకు గిన్నెలు ఇస్తానన్నాడు. మా యాడి ఆ పేటియా ఇచ్చి రెండు స్టీలు డబ్బాలు, ఒక గంటె తీసుకుంది. అప్పుడు అదేమీ తప్పనిపించలేదు. ఎవరూ కట్టుకోవడం లేదు, డబ్బాలు కావాలి. ఆ డబ్బాల్లో ఒకటి ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, అందులో కారం పోస్తాం.

తర్వాత చాలా ఏండ్లకు, ఉద్యోగం వచ్చాక, ఒక పెద్ద దుకాణంలో దిండు గలీబు చూశాను. పాత పేటియా అంచు కత్తిరించి, చుట్టూ కొత్త గుడ్డ వేసి కుట్టారు. మా దాదిది కాకపోవచ్చు. కానీ అలాంటిదే. ధర చూస్తే నా మొదటి జీతంలో సగం. నా పక్కన ఉన్న స్నేహితురాలు, "మీరు లంబాడీలే కదా, నీకు ఈ కుట్టు వచ్చా? నేర్పుతావా?" అని అడిగింది. రాదు అని చెప్పడానికి నోరు రాలేదు. "మా దాదికి వచ్చు" అన్నాను.

ఆ మాట అన్నాక వరుసగా వచ్చే ప్రశ్న ఒకటుంది కదా. దాది తర్వాత ఎవరికి వచ్చు?

తండాకు పోయి లెక్క తీశాను. అద్దం పెట్టి గట్టిగా కుట్టగలిగిన ఆడవాళ్లు మా తండాలో ఏడుగురు. అందులో యాభై ఏండ్ల లోపు ఒక్కరే. అక్కడి నుంచి మొదలైంది ఈ పని.

గుడ్డ అమ్మకుండా పాఠం ఎందుకు?

మీలో చాలామందికి ఈ సందేహం వస్తుంది. సంచులు, దిండు గలీబులు కుట్టి ఆన్‌లైన్‌లో అమ్మొచ్చు కదా అని. అమ్మొచ్చు, అమ్ముతున్నవాళ్లు ఉన్నారు. కర్ణాటకలో బళ్లారి జిల్లా సండూరు చూడండి. అక్కడి మన ఆడవాళ్ల పనికి 2010లో సండూరు లంబాణీ ఎంబ్రాయిడరీ అనే పేరుతో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023 జూలైలో హంపిలో జీ20 సమావేశం జరిగినప్పుడు, 450 మందికి పైగా లంబాణీ ఆడవాళ్లు చేసిన 1,755 ముక్కలను ఒకచోట పెట్టి గిన్నిస్ రికార్డు తెచ్చారు. అది మనందరికీ గర్వం.

కానీ అమ్మకానికి ఒక ఇబ్బంది ఉంది. ఒక మంచి ముక్క కుట్టడానికి రోజులు పడుతుంది. కొనేవాడు ఆ రోజులను చూడడు, గుడ్డను చూస్తాడు. మిషన్ మీద కుట్టి ప్లాస్టిక్ అద్దాలు అంటించిన ముక్క పక్కన పెట్టి, "ఇది ఇంత తక్కువకు వస్తుంది కదా" అని బేరమాడతాడు. పైగా ఒకసారి అమ్మిన ముక్క మళ్లీ రాదు. చేతిలో ఉన్న విద్య మాత్రం అమ్మినవాళ్ల చేతిలోనే ఉంటుంది, ఆ చేయి ఉన్నన్నాళ్లు.

పాఠం అట్ల కాదు. ఒకసారి బాగా తీసి పెడితే పది మంది చూసినా, వెయ్యి మంది చూసినా అదే పాఠం. కుట్టేవాళ్ల కండ్లు మళ్లీ అరగవు. రెండో లాభం, నా దృష్టిలో అదే పెద్దది, నేర్పడానికి కూర్చున్నప్పుడే మనం ఆ విద్యను రాసిపెట్టుకుంటాం. డబ్బు రాకపోయినా అది మిగులుతుంది.

కెమెరా ముందు మొదటి రోజు

మొదటి వీడియో తీసిన రోజు సంగతి చెప్తాను. దాదిని చెట్టు కింద కూర్చోబెట్టి, ఎదురుగా నేను ఫోన్ పట్టుకుని గంటన్నర తీశాను. ఎంతో బాగా వచ్చిందనుకున్నాను. దాన్ని హైదరాబాద్‌లో ఇద్దరు స్నేహితురాళ్లకు పంపి చూసి కుట్టమన్నాను. ఇద్దరూ తలకిందులుగా కుట్టారు. ఎందుకు? ఎదురుగా నిలబడి తీస్తే దాది కుడి చేయి చూసేవాళ్లకు ఎడమ వైపు కనిపిస్తుంది. సూది తన వైపు లాగుతుంటే మన వైపు తోసినట్టుంటుంది. తండాలో పిల్లలు ఎప్పుడూ దాది ఎదురుగా కూర్చుని నేర్చుకోలేదు. పక్కన కూర్చుని, భుజం మీదుగా చూసి నేర్చుకున్నారు. కెమెరా కూడా అక్కడే ఉండాలి.

అప్పటి నుంచి మా పద్ధతి ఇది. రెండు ఎత్తు స్టూళ్లు, మధ్యన ఒక పలక, ఆ పలకకు ఒక రంధ్రం. రంధ్రం మీద ఫోన్ బోర్లా పెడతాం. కింద చేతులు, గుడ్డ మాత్రమే కనబడతాయి. ఎండ నేరుగా పడకూడదు, అద్దాలు మెరిసి కళ్లు చెదురుతాయి. నీడలో వెలుతురు ఉండే చోటు, పొద్దున తొమ్మిదికి ముందు మంచిది. ఫ్యాన్ ఆపాలి. ఫ్యాన్ చప్పుడు మనకు వినబడదు, ఫోన్‌కు మాత్రం బాగా వినబడుతుంది. పాఠానికి వాడే దారం అసలు దారం కంటే లావుగా, గుడ్డకు పూర్తిగా వేరే రంగులో ఉండాలి. ఇవన్నీ ఖర్చు లేని పనులు. పెద్ద కెమెరా లేదని ఆగొద్దు. ఆగినందుకు మేం ఏం పోగొట్టుకున్నామో చివర్లో చెప్తాను.

ఇంకొకటి. ప్రతి పాఠంలో గుడ్డను తిప్పి వెనక వైపు చూపిస్తాం. ఇది దాది పెట్టిన రూలు. ఆమె ఎవరి పని చూసినా ముందు తిప్పి చూసేది. ముడులు ఎక్కడ వేశారు, దారం ఎటు నుంచి ఎటు పోయింది, అంతా వెనకే తెలుస్తుంది. ముందు వైపు చూపించి మాయ చేయొచ్చు, వెనక చేయలేం.

పాఠం ఎంత పొడుగు ఉండాలి? అద్దం కుట్టునే తీసుకోండి. మన అద్దానికి రంధ్రాలు ఉండవు. జిగురుతో అంటించం. ముందు అద్దం మీదుగా నిలువు దారాలు, అడ్డ దారాలు వేసి చట్రంలాగ బిగిస్తాం. తర్వాత ఆ చట్రాన్ని పట్టుకుని చుట్టూ కుట్టుకుంటూ పోతాం. అద్దాన్ని పట్టి ఉంచేది ఆ చట్రమే. అది వదులైతే రెండు ఉతుకులకే అద్దం ఊడి పడుతుంది. మేం దీన్ని మొదట ఒకే నలభై నిమిషాల వీడియోగా పెట్టాం. ఎవరూ చివరి దాకా చూడలేదు. తర్వాత మూడు ముక్కలు చేశాం: చట్రం వేయడం, చుట్టూ కుట్టడం, తప్పు చేస్తే విప్పడం. ఎక్కువమంది మళ్లీ మళ్లీ చూసేది మూడోదే. నేర్చుకునేవాళ్లకు విప్పడం నేర్పాలని అప్పటి దాకా మాకు తట్టలేదు.

డొమైన్ అంటే పట్టా

ఇప్పుడు వెబ్‌సైట్ సంగతి. మీలో ఇంజినీరింగ్ చదివేవాళ్లకు ఇది తెలిసే ఉంటుంది. తెలియనివాళ్ల కోసం మన భాషలో చెప్తాను.

వెబ్‌సైట్ పేరును డొమైన్ అంటారు. అది భూమి పట్టా లాంటిది. ఎవరి పేరున, ఎవరి ఈమెయిల్ మీద రిజిస్టర్ అయితే వాళ్లదే. ఏటా లేదా కొన్నేండ్లకోసారి రుసుము కట్టి రెన్యువల్ చేయించాలి. హోస్టింగ్ కిరాయి ఇల్లు లాంటిది, మన సామాను అక్కడ పెడతాం, నచ్చకపోతే ఇంకో ఇంటికి మారతాం. ఇల్లు మారితే మారొచ్చు, పట్టా పోతే మాత్రం కష్టం.

మాకు అదే జరిగింది. మొదటిసారి సైట్ చేసిపెట్టిన అతను డొమైన్‌ను తన ఈమెయిల్ మీద తీసుకున్నాడు. మోసం చేద్దామని కాదు, తొందరలో. తర్వాత అతను వేరే ఊరు పోయాడు, ఆ ఈమెయిల్ చూడటం మానేశాడు. గడువు అయిపోతుందని వచ్చిన హెచ్చరికలన్నీ ఆ ఈమెయిల్‌కే పోయాయి. ఒకరోజు పొద్దున సైట్ తెరిస్తే మా పాఠాల బదులు ఏవో ప్రకటనలు. పేరు ఇంకెవరో కొనుక్కున్నారు. అప్పటికే ఆ పేరుతో కార్డులు కొట్టించి పంచి ఉన్నాం. కొత్త పేరు తీసుకుని, ఒక్కొక్క సభ్యురాలికి ఫోన్ చేసి చెప్పుకున్నాం.

మన తాతలు భూమి దున్నారు కానీ కాగితం చూసుకోలేదు. ఆ కథ ప్రతి తండాలో ఉంది. చదువుకున్న మనం కూడా అదే చేస్తే ఎట్ల? డొమైన్, హోస్టింగ్, పేమెంట్ ఖాతా, వీడియోల అసలు ఫైళ్లు, సభ్యుల జాబితా, ఈ ఐదూ సంఘం పేరునో, గ్రూపు పేరునో ఉండాలి. పాస్‌వర్డ్ కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి. ఇది రాసుకోండి.

సైట్ తయారు చేయడానికి కొత్తగా ప్రోగ్రామ్ రాయనక్కర్లేదు. మేం వర్డ్‌ప్రెస్ వాడాం. అది ఉచితం. దానికి సభ్యత్వాలు చూసుకునే ప్లగిన్ ఒకటి పెట్టుకుంటే, చందా కట్టినవాళ్లకు పాఠాలు తెరుచుకుంటాయి, కట్టనివాళ్లకు మూడు ఉచిత పాఠాలే కనబడతాయి. వీడియోలను మాత్రం మామూలు హోస్టింగ్‌లో పెట్టొద్దు. ఒకేసారి ఇరవై మంది చూస్తే సైట్ కూర్చుంటుంది. వీడియోల కోసమే ఉండే సర్వీసులో పెట్టి అక్కడి నుంచి చూపించాలి. అవి చూసేవాళ్ల సిగ్నల్‌ను బట్టి బొమ్మ నాణ్యతను తగ్గించి, పెంచి పంపుతాయి.

ఇది ఎందుకు ముఖ్యమో లెక్క చూడండి. బాగా స్పష్టంగా ఉండే వీడియో సెకనుకు 5 మెగాబిట్ల చొప్పున పోతే, పది నిమిషాల పాఠానికి 375 ఎంబీ అవుతుంది. అదే 1 మెగాబిట్ చొప్పున అయితే 75 ఎంబీ. రోజుకు ఒకటిన్నర జీబీ వచ్చే రీచార్జ్‌తో ఇంట్లో నలుగురు ఒకే ఫోన్ వాడే ఇంటికి ఈ తేడా చాలా పెద్దది. చేతులు, దారం స్పష్టంగా కనబడితే చాలు. చిన్న ఫోన్ మీద, తక్కువ సిగ్నల్‌లో చూసి చూడండి. హైదరాబాద్ ఆఫీసు వైఫైలో చూసి బాగుంది అనుకోవద్దు. మేం ప్రతి పాఠాన్ని తండాలో బస్ స్టాప్ దగ్గర నిలబడి తెరిచి చూస్తాం. అక్కడ ఆడితే ఎక్కడైనా ఆడుతుంది.

భాష మాట. దాది గోర్ బోలీలోనే మాట్లాడింది. "తెలుగులో చెప్పు దాదీ" అంటే సూది ఆగిపోయేది. చేతికి ఆ మాటలే అలవాటు. అందుకే మాటను అట్లనే ఉంచి, కింద తెలుగు, ఇంగ్లిష్ అక్షరాలు వేశాం. మన బోలీకి సొంత లిపి లేదు, తెలుగు లిపిలోనే రాశాం. ఇప్పుడు మా సైట్‌లో ఉన్న పాఠాల అక్షరాలన్నీ కలిపితే గోర్ బోలీలో ఒక చిన్న కుట్టు పుస్తకమంత అయింది. అది మేం అనుకోని లాభం.

చందా లెక్క

ఇక డబ్బు. ఉదాహరణకు నెలకు 200 రూపాయల చొప్పున 100 మంది ఉన్నారనుకోండి. 20,000 వస్తుంది. పేమెంట్ గేట్‌వే వాళ్లు రెండు శాతం తీసుకుంటే 400, ఆ 400 మీద 18 శాతం జీఎస్టీ 72. అంటే 472 పోయి 19,528 మన ఖాతాలో పడుతుంది. అందులోంచి వీడియో సర్వీసు, హోస్టింగ్, డొమైన్, ఎడిటింగ్ చేసే పిల్లవాడికి ఇవ్వాలి. మిగిలిందే నేర్పినవాళ్లకు. మీకు వంద మంది వస్తారని నేను చెప్పడం లేదు. మాకు మొదటి నెల వచ్చింది పదకొండు మంది, అందులో నలుగురు నా ఆఫీసువాళ్లు, మొహమాటానికి చేరినవాళ్లు.

ప్రతి నెలా డబ్బు దానంతట అదే కట్ కావడానికి యూపీఐ ఆటోపే ఉంది, కార్డులకు కూడా ఉంది. రిజర్వ్ బ్యాంక్ నియమాల ప్రకారం మొదటిసారి సభ్యురాలు స్వయంగా ఒప్పుకోవాలి. తర్వాత ప్రతి నెలా డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందు ఆమెకు మెసేజ్ పోతుంది. 15,000 రూపాయల లోపు అయితే ప్రతిసారీ ఓటీపీ అక్కర్లేదు. ఆ మెసేజ్ చూసి కొందరు మానేస్తారు. మాననివ్వండి. మానే బటన్‌ను దాచిపెట్టే సైట్లు చాలా ఉన్నాయి, మనం అట్ల చేయొద్దు. మా సైట్‌లో అది పైనే ఉంటుంది. మానినవాళ్లలో కొందరు పండుగ సెలవుల్లో మళ్లీ చేరారు, ఎందుకంటే పోయేటప్పుడు చేదు లేదు. కార్డు నంబర్లు మన దగ్గర దాచుకోవద్దు, నియమాలు ఒప్పుకోవు. ఆ పని గేట్‌వేకే వదిలేయండి. సేవలకు ఏడాది ఆదాయం 20 లక్షలు దాటేదాకా మన రాష్ట్రంలో మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ మొదటి రోజు నుంచి లెక్క రాయండి. కామర్స్ చదివిన తమ్ముళ్లు ఇక్కడ పనికొస్తారు.

"అక్కా, వీడియోలను ఎవరైనా కాపీ చేసుకుంటే?" అని అడుగుతారు. చేసుకుంటారు. స్క్రీన్ రికార్డు చేసేవాణ్ని పూర్తిగా ఆపలేం. మా పాఠాలు రెండు అట్లనే వేరేచోట తేలాయి. అప్పుడు మేం ఒకటి అర్థం చేసుకున్నాం. చందా కట్టేది వీడియో కోసం అనుకుంటే మనం ఎప్పుడూ ఓడిపోతాం. సభ్యురాలు తను కుట్టింది ఫొటో తీసి పంపుతుంది, ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి. మా తండా కాకీలు ఆ ఫొటో చూసి, "ఇక్కడ దారం వదులైంది, ఇక్కడ సూది ముందే దింపావు" అని ఫోన్‌లో మాట రికార్డు చేసి పంపుతారు. నెలకోసారి అందరూ కలిసి లైవ్‌లో కూర్చుని కుడతారు. దీన్ని ఎవడూ కాపీ కొట్టలేడు. ఈ మార్పు చేశాకనే సభ్యులు నిలబడ్డారు.

ఎవరికి ఫీజు, ఎవరికి కాదు

ఇది మా ఇంట్లో పెద్ద గొడవ. ఫీజు సంగతి దాదికి చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఛోరీ, మా యాడి నాకు డబ్బు తీసుకుని నేర్పిందా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఊరికే పెడితే బయటివాళ్లు నేర్చుకుని వ్యాపారం చేస్తారు, మన ఆడవాళ్లు కూలికి పోతూనే ఉంటారు. ఫీజు పెడితే మన పిల్లలే దూరమవుతారు. రెండూ నిజమే.

చివరికి తండా ఆడవాళ్లంతా కూర్చుని తేల్చారు. బయటివాళ్లకు చందా. మన ఆడపిల్లలకు, మగపిల్లలకు కూడా, ఏ తండా వాళ్లయినా, ఉచితం. మహారాష్ట్రలో మనల్ని ఒక జాబితాలో పెట్టారు, కర్ణాటకలో ఇంకో జాబితాలో, ఇక్కడ ఎస్టీలం. కాగితాలు వేరైనా సూది ఒకటే. అందుకని రాష్ట్రం అడగం, సర్టిఫికెట్ అడగం. తండా పేరు, ఇంట్లో కుట్టు తెలిసిన పెద్దామె పేరు చెప్తే చాలు. పద్దెనిమిదేండ్ల లోపు పిల్లలైతే తల్లిదండ్రుల ఒప్పుదల తీసుకుంటాం. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం కూడా అదే చెప్తుంది.

ఏది నేర్పాలి, ఏది వద్దు అన్నది కూడా వాళ్లే తేల్చారు. సంచులు, అంచులు, కాంచళి మీద పని నేర్పొచ్చు. పెండ్లిలో బిందె మీద కప్పే ఫూల్యా, దానితో పాటు ఉండే గణ్ణో మాత్రం చందా పాఠాల్లో వద్దన్నారు. అవి ఇంటి ఆడపిల్ల కోసం కుట్టేవి. అవి తండా పిల్లల పాఠాల్లోనే ఉన్నాయి. ఒకామె మంచి ధర ఇస్తాను నేర్పమంది. కాకీలు ఒప్పుకోలేదు. నాకు ఆ నెల డబ్బు అవసరం ఉండి కొంచెం కోపం వచ్చింది కూడా. ఇప్పుడు రాదు.

ఇక చట్టం. లా చదివే చెల్లెళ్లు వినండి. కుట్టు పద్ధతి మీద ఎవరికీ కాపీరైట్ రాదు, మనకూ రాదు. కానీ ఆ కుట్టును చూపించే వీడియో మీద వస్తుంది. 1957 కాపీరైట్ చట్టం వీడియోకు కర్తగా చూసేది నిర్మాతను, అంటే ఏర్పాట్లు చేసి తీయించినవాణ్ని. కుట్టి చూపించిన ముసలమ్మను కాదు. ఆ హక్కు 60 ఏండ్లు ఉంటుంది. ఎవరో వచ్చి, "అమ్మా, మీ కళను ప్రపంచానికి చూపిస్తాం" అని దాది చేతులను తీసుకుపోతే, కాగితం మీద వేరేగా రాసుకోకపోతే, ఆ వీడియో వాళ్లదే. ఒక సంస్థవాళ్లు మా తండాకు అట్లనే వచ్చి రెండు రోజులు తీసుకుని పోయారు. ఒక చీర పెట్టారు. ఆ వీడియో మళ్లీ మేం చూడలేదు.

అందుకే మేం ఒక పేజీ ఒప్పందం రాసుకున్నాం, తెలుగులో. వీడియో గ్రూపుది. నేర్పినామె పేరు, తండా పేరు ప్రతి పాఠం మీద ఉండాలి. ఖర్చులు పోగా మిగిలిన దాంట్లో సగానికి పైగా నేర్పినవాళ్లకు. ఆమె తర్వాత ఆ వాటా ఆమె చెప్పిన మనిషికి. చదివి వినిపించి, అర్థమైందా అని అడిగి, అప్పుడు వేలిముద్ర. భౌగోళిక గుర్తింపు కూడా పేరునే కాపాడుతుంది. సండూరు పేరు సండూరు వాళ్లది. మన పనిని మన తండా పేరుతోనే చెప్పుకుందాం.

ఆగినందుకు పోయింది

చివర్లో చెప్తానన్నాను కదా. సండూరు పనిలో 14 కుట్లకు పేర్లు ఉన్నాయి. కిలణ్, వేలే, బక్యా, మాకి, రేలో, గద్రి, నక్రా, ఇట్ల. మా దాది చెప్పే పేర్లు కొన్ని వాటితో కలిశాయి, కొన్ని కలవలేదు. అన్నీ రాస్తూ వచ్చాం. పదిహేడు పాఠాలయ్యాయి. ఇంకో అంచు కుట్టు మిగిలింది. పేటియా కింది అంచున మాత్రమే వేసేది, మా తండాలో ఆమెకు తప్ప ఎవరికీ రాదు. అది చాలా సన్నటి పని, ఫోన్‌లో సరిగా రాదని, మంచి కెమెరా కొన్నాక తీద్దామని నేనే ఆపాను. దీపావళి బోనస్ వస్తే కొందామనుకున్నాను. అంతలో దాది కంటికి పొర కమ్మింది. ఆపరేషన్‌కు తేదీ తీసుకున్నాం. ఆ తేదీకి పది రోజుల ముందు, నిద్రలోనే పోయింది.

కెమెరా వచ్చింది. ఇప్పుడు నా దగ్గరే ఉంది.

మాకు మిగిలింది ఆమె కుట్టిన జానెడు అంచు ముక్క. దాన్ని తిప్పి, వెనక వైపు ఫొటోలు తీసి, దారం ఎటు పోయిందో గుర్తులు పెట్టి, సభ్యులందరికీ పంపాం. మూడు వారాలకు కర్ణాటకలోని ఒక తండా నుంచి ఒక అమ్మాయి మాట రికార్డు చేసి పంపింది. "మా యాడి ఇట్లాంటిదే వేస్తుంది, పేరు వేరు, చూపిస్తాను" అని. ఆమె యాడి వేసిన ముక్క ముందు వైపు మా దాది పని లాగే ఉంది. వెనక వైపు రెండు చోట్ల దారం వేరేగా పోయింది. అదే కుట్టా, దాని చెల్లెలా అని మా కాకీలు ఇంకా వాదించుకుంటున్నారు. మేం రెంటినీ పాఠంగా పెట్టాం, ఉన్నది ఉన్నట్టు రాసి. ఆ అమ్మాయి ఉచిత సభ్యురాలు. చందా లెక్కలో ఆమె సున్నా.

మీరు ఏం చేయాలి

నేను వెబ్‌సైట్ పెట్టండి అని చెప్పి పోను. అది తర్వాత. ఈ ఇంటికి పోయాక ముందు ఒక పని చేయండి. మీ ఇంట్లో, మీ తండాలో కుట్టు తెలిసిన పెద్దామె దగ్గర కూర్చోండి. ఎదురుగా కాదు, పక్కన. ఆమెను అడిగి, ఒప్పుకుంటేనే, భుజం మీదుగా ఫోన్‌లో తీయండి. కుట్టు పేరు ఆమె నోటితోనే చెప్పించండి. గుడ్డ తిప్పి వెనక వైపు తీయండి. తేదీ, తండా పేరు, ఆమె పేరు ఫైల్ మీద రాయండి. వాట్సాప్‌లో పంపితే నాణ్యత తగ్గుతుంది, అసలు ఫైల్‌ను రెండు చోట్ల దాచండి. ఎక్కడా అప్‌లోడ్ చేయొద్దు, ఇంట్లో మాట్లాడుకునేదాకా.

అట్ల ఐదారు తండాల పిల్లలు కలిస్తే అప్పుడు సైట్ సంగతి మాట్లాడుకుందాం. కంప్యూటర్ తెలిసినవాళ్లు, లెక్కలు తెలిసినవాళ్లు, చట్టం తెలిసినవాళ్లు ఈ హాలులోనే ఉన్నారు. మా ఒప్పందం కాగితం, మా లెక్కల పుస్తకం సంఘం ఆఫీసులో పెడతాను. చూసుకుని మీకు తగ్గట్టు మార్చుకోండి. మా తప్పులు మళ్లీ చేయకండి, కొత్తవి చేయండి.

నాకు ఇప్పుడు అద్దం కుట్టు వచ్చు. దాది పాఠం చూసి నేర్చుకున్నదే. ఆమె ఉన్నప్పుడు నేర్చుకోలేదు, ఆమె పోయాక ఆమె చేతులు చూసి నేర్చుకున్నాను. చట్రం ఇంకా కొంచెం వదులుగానే వస్తుంది. కాకీలు తిప్పి చూసి తిడుతున్నారు.